పుష్యమాసపు పెరడు

ఉత్తర హిందూస్థానంలో క్రిస్మస్ పండుగను ‘బడా దిన్’ అంటారు. అనగా పెద్ద రోజు. ఏడాదిలోని అతి చిన్న పగళ్ళలో ఒకదానికి ఈ పేరు ఎట్లా కుదిరినదా అని తెలుగుదేశం నుండి పోయినవారికి తోచక మానదు. డిసెంబరు 21, 22 తేదీలలో పగలు తగ్గవలసినంత తగ్గి, అక్కడినుండి మెల్లమెల్లగా పెరుగ నారంభిస్తుంది గనుక, పెద్దది కాబోయే రోజు అని అర్థం చెప్పుకొని నేను తృప్తిపడినాను. ఆ దినాలలో ప్రయాగలో పగటి నిడివి సుమారు పదిన్నర గంటలు. గోదావరి తీరాన నేను పుట్టిన ఊరిలో పదకొండు గంటలకు కొంచెం పైన. తేడా అరగంటయే. కాని ఆ అరగంటను ఆశ్రయించుకొని ఒక ప్రత్యేకమైన పెరడు, ఒక ప్రత్యేకమైన వంట, ఒక ప్రత్యేకమైన గృహస్థ జీవనం అక్కడ పెరిగినవి. 30 సంవత్సరాలుగా వాటి మధ్య మసలుతున్నదానను గనుక ఆ సంగతి కొంత చెప్పగలను.

నేను అక్కడికి హిందీ ఎం.ఏ. చదువుటకు పోయినాను. పిదప రైల్వే ఉద్యోగి అయిన భర్తతో ఆ ఊరనే స్థిరపడినాను. అలహాబాదు 2018లో ప్రయాగరాజ్ అయినది గాని, మేము దిగిన యింటివారు అంతకు ముందు కూడ ప్రయాగ అనే అనేవారు. గంగ గట్టుకు చేరువగా ఒక పాత పేటలో ఉన్నది ఆ యిల్లు. మేడమీది రెండు గదులు మాకు అద్దెకిచ్చినారు. ఇంటి యజమానురాలిని పేటలో అందరూ చాచీ అనేవారు. నేనూ చాచీ అన్నాను. ఆమె నన్ను ‘బిటియా’ అన్నది. నాకు 50 దాటి కొన్నేండ్లయినను ఆ పిలుపు మారలేదు. ఆమెకు ఇప్పుడు 78. పదకొండేండ్ల తరువాత మేము రెండు వీధుల అవతల సొంత యింటికి మారినాము. సొంత యింటికి పెరడు లేదు. అందుచేత ఏటేటా డిసెంబరు నెలాఖరున సెలవులు రాగానే నేను అనువాదపు కాగితాలు ఒక సంచిలో వేసుకొని చాచీ పెరటికి పోయి కూర్చుంటాను.

అక్కడి సెలవులు పంచాంగాన్ని బట్టి కంటె చలిని బట్టి నడుస్తవి. బడా దిన్‌కు మూసిన బడులు జనవరిలో తెరవవలసి ఉండగా, చలిగాలి మిక్కుటమైతే జిల్లా అధికారి ఉత్తరువుతో మరికొన్నాళ్ళు మూతపడతవి. రైళ్ళు పొగమంచులో దారి వెదుకుకొంటూ తొమ్మిదేసి గంటలు ఆలస్యంగా వస్తవి. ఇంటికి రావలసిన పిల్లలు అర్ధరాత్రి దిగుతారు. పగలు పదింటికి గాని సూర్యుడు కనబడడు. కనబడగానే ఇంటిల్లిపాదీ మంచాలు, చాపలు, పుస్తకాలు, బఠాణీ కాయల బుట్టలు మోసుకొని ఎండలోనికి వస్తారు. హిందీలో దీనిని ‘ధూప్ సేంక్‌నా’ అంటారు. మనకు చలి కాచుకొనడం ఉన్నది గాని ఎండ కాచుకొనడం లేదు. ఎండ మనకు తప్పించుకొనవలసిన వస్తువు. నీరెండ అనే అందమైన మాట మనకున్నది. కాని నీరెండలో కూర్చొనడం ఒక పనిగా, పూటకొక బాధ్యతగా పెట్టుకొన్న మనుష్యులను చూడవలెనంటే గంగాతీరానికే పోవలెను.

అనువాదకురాలిగా నాకు మొదటి చిక్కు నెలలతో వచ్చినది. ప్రేమ్‌చంద్ 1930లో ప్రకటించిన ‘పూస్ కీ రాత్’ కథను తెలుగు చేయబూనిన వారెవరైనా పేరును ‘పుష్యమాసపు రాత్రి’ అని పెట్టుకొని ముందుకు సాగిపోతారు. కాని ఉత్తరాదివారి నెల పూర్ణిమతో ముగుస్తుంది, మన నెల అమావాస్యతో ముగుస్తుంది. శుక్లపక్షాలు ఇరువురికీ ఒకే నెలలోనివి. కృష్ణపక్షాల దగ్గరనే తగవు. వారి పూస్ నెలలో మొదటి పక్షం మనకు మార్గశిర బహుళం. హల్కూ అనే ఆ పేదరైతు కంబళికోసం కూడబెట్టిన మూడు రూపాయలు అప్పులవాని చేతిలో పోసి, పొలం కావలికి పోయి, జబ్రా అనే కుక్కను కౌగిలించుకొని వణికినది చీకటిరాత్రి. అది చీకటిపక్షపు రాత్రియే అయితే మన పంచాంగంలో దాని నెల వేరు. ఇట్లే, వారు మాఘమాసపు మౌనీ అమావాస్య అని త్రివేణీ సంగమంలో మునిగే రోజూ, మనవారు పుష్య బహుళ అమావాస్య అని కాకినాడ దగ్గర చొల్లంగిలో స్నానం చేసే రోజూ ఒక్కటే. చంద్రుడు ఒకడే, లెక్క రెండు విధాలు. నేను ఈ సంగతి చాచీకి వివరించినప్పుడు ఆమె శ్రద్ధగా విని, “అయితే మీ వైపు వెల్లుల్లి ఏ నెలలో పాతుతారు?” అని అడిగినది. పంచాంగం ఆమెకు అందుకోసమే ఉన్నది.

చాచీ పెరడు ఒకటిన్నర బిస్వా. బిస్వా అంటే మన లెక్కకు మూడు సెంట్లకు కొంచెం పైన. ఇంటివైపు చేదబావి, దాని ప్రక్కన నిమ్మచెట్టు, మూలన సఫేదా జాతి జామచెట్టు. ప్రయాగ జామపండ్లు దేశమంతటా ప్రసిద్ధమైనవే. వానకాలపు కాపును చాచీ లెక్కపెట్టదు; ఆ కాయలు చప్పగా ఉండి త్వరగా పురుగు పడతవి. చలిలో పండినదే పండు. మిగిలిన నేలంతా మళ్ళు. దసరా వెళ్ళగానే బఠాణీ, మెంతి, పాలకూర, ముల్లంగి, క్యారెట్టు, ధనియాలు, సోయా. ఈ సోయా నూనెగింజ కాదు; మన సోయికూర. ధనియాలను ఆమె గట్టునేలమీద పోసి చెప్పుకాలితో మెల్లగా నలిపి, ఒక్కొక్క గింజ రెండు బద్దలయిన తరువాతనే చల్లుతుంది. గట్ల మీద వెల్లుల్లి. కంచె పొడుగునా బంతి. శనగ నాలుగు సాళ్ళు మాత్రమే, అదీ కాయకోసం కాదు, ఆకుకోసం. శనగ కొనలను గోటితో గిల్లడాన్ని అక్కడి స్త్రీలు ‘ఖోంట్‌నా’ అంటారు. గిల్లినకొలది మొక్క ప్రక్కలకు కొమ్మలు వేసి గుబురవుతుంది. ‘గిల్లు’ అనే తెలుగు మాట దానికి ఎంత చక్కగా అతుకుతుందంటే, ఆ ఒక్క క్రియాపదాన్ని అనువదించునప్పుడు నాకు శ్రమయే లేకపోయినది.

గోబీ, అనగా కాలీఫ్లవరు, సంగతి చెప్పకుండా ఉండలేను. ఇది ఇంగ్లండు నుండి 1822లో సహరాన్‌పూర్ తోటకు వచ్చిన విత్తనం. చలిదేశపు మొక్క. దానిని ఉత్తరాది రైతులు ఏటేటా తమ నేలలోనే గింజ కట్టించి, ఎంపిక చేసి, మన వేడికి, మన తేమకు అలవాటు చేసినారు. ఇప్పుడు దాని రకాలకు పేర్లేమిటో చూడండి: కుఆరీ, కాతికీ, అగహనీ, పూసీ, మాఘీ. ఆశ్వయుజంలో కోతకు వచ్చేది కుఆరీ, కార్తికంలోది కాతికీ, మార్గశిరంలోది అగహనీ, ఆపైన పుష్యం, మాఘం. వచ్చినప్పుడు పరదేశి, కొన్ని తరాలు గడిచేసరికి ఒంటినిండ మన నెలల పేర్లు. మాటలను ఒక భాష నుండి మరియొక భాషకు తెచ్చే నా వృత్తిలో ఇంతటి విజయం సాధించిన వారిని నేను చాలా తక్కువమందిని చూచినాను.

ఇన్నిటిలో నాకు పుట్టింటి చుట్టం సేమ్, మన చిక్కుడు. మా అమ్మ దానిని గొడ్లసావిటి కప్పు మీదికి పాకించేది. చాచీ జామచెట్టు ప్రక్కన వెదురుతడికల పందిరి వేసి పాకిస్తుంది. పాతకాలపు తీగచిక్కుడుకు ఒక స్వభావమున్నది. ఆషాఢ శ్రావణాలలో గింజ పెట్టితే ఎంత ఎరువు వేసినా ఆకులే గాని పువ్వు చూపదు. పగలు కురచ కావలెను, రాత్రి పొడుగు కావలెను. అప్పుడుగాని పూతకు రాదు. నేడు పగటి నిడివితో నిమిత్తం లేక కాసే పొట్టి రకాలు వచ్చినవి. చాచీ వాటిని ఎరుగును, పెట్టదు. “పిలిచినప్పుడల్లా వచ్చేవాడు చుట్టమెట్లా అవుతాడు?” అంటుంది. మా వైపు రథసప్తమినాడు చిక్కుడుకాయలకు పుల్లలు గుచ్చి చిన్న రథం చేసి, పాయసాన్ని చిక్కుడాకులలో సూర్యునికి నివేదిస్తారని చెప్పినాను. అది మాఘమాసపు శుక్లపక్షం గనుక మాకు తగవు లేదు. ఆ యేడు ఆమె పందిరి నుండి నాకు ఎంచి ఎంచి నిటారైన కాయలు కోసి యిచ్చినది; వంకర కాయలతో రథమేమిటని ఆమె వాదం.

తెలుగులో మంచు అనే మాట ఒక్కటే. గడ్డిమీది బిందువూ మంచే, దారి కనబడనీయని పొగా మంచే, హిమాలయం మీద పేరుకొన్నదీ మంచే. హిందీలో మొదటిది ఓస్, రెండవది కోహరా, మూడవది బర్ఫ్. ఇవి గాక నాలుగవది ‘పాలా’: రాత్రివేళ ఆకులమీదనే గడ్డకట్టి, తెల్లవారేసరికి వాటిని ఉడికించినట్లు నల్లబరచే మంచు. దీనికి నేను తెలుగులో ఒంటి మాట వెదకినాను, దొరకలేదు. దొరకకపోవుట మన అదృష్టమని ఆ యింట మా రెండవ శీతకాలంలో తెలిసినది. ఆనాటి సాయంకాలం కోహరా లేదు. ఆకాశం కడిగినట్లున్నది, గాలి ఆగిపోయినది. కొత్తదానను గనుక నాకది మంచిరోజుగా తోచినది. చాచీ మాత్రం ఆకాశం వైపు చూచి పెదవి విరిచి, “ఈ రాత్రి పాలా పడుతుంది” అన్నది. పొగమంచు దుప్పటివంటిది, అది ఉన్న రాత్రి నేలవేడి పైకి పోదు. దుప్పటి లేని రాత్రియే పంటకు ప్రమాదం.

చీకటిపడకముందే మేమందరమూ బావినీళ్ళు చేది మళ్ళకు పలుచగా తడి పెట్టినాము. తడినేల పొడినేలవలె త్వరగా చల్లబడదు. టొమాటో, వంగ మొక్కలమీద వరిగడ్డి కప్పినాము. రాత్రి పదకొండు గంటలకు పెరటికి వాయవ్యమూలన ‘కౌడా’ వేసినారు. అది మన నెగడు. కాని ఈ నెగడు మనుష్యులకోసం కాదు, పొగకోసం. తడిసిన ఆకులు, ఊక వేసి మంట లేవకుండా, పొగ ఆరకుండా చూడవలెను. చాచీ భర్త, నేను చాచాజీ అని పిలిచేవారు, కుంపటి ఒడిలో పెట్టుకొని గొంగళి కప్పుకొని తెల్లవారుదాకా కూర్చున్నారు. చిన్నకొడుకుకు అప్పుడు 12 ఏండ్లు. వాడు నిద్ర ఆపుకొనుటకు గంటకొకమారు నాచేత తెలుగు అంకెలు చెప్పించుకొన్నాడు. ఉదయం చూస్తే ప్రక్కయింటి బంగాళాదుంప మడి మసిబారి ఉన్నది. మా చిక్కుడు పందిరి పైవరుస పోయినది, క్రిందిదంతా నిలిచినది. చాచీ పోయిన దానిని గూర్చి ఒక మాట అనలేదు. ఎండ రాగానే బుట్ట తీసికొని నిలిచిన కాయలు కోసి సగం ప్రక్కయింటికి పంపినది.

పెరటిలో విత్తకుండా వచ్చేది బథుఆ. గోధుమచేలలో కలుపుమొక్కగా మొలిచే ఈ ఆకును మనవైపు కొందరు చక్రవర్తికూర అంటారు, కొందరు పప్పుకూర అంటారు. ఒకే ఆకు ఒక ఊరిలో చక్రవర్తి, మరియొక ఊరిలో పప్పులోని కూర! అవధ ప్రాంతంలో దీనిని మినపప్పులో వేసి వండి ‘సగ్‌పహితా’ అంటారు. నేను దానికి తెలుగు వెదకబోయి, మన రెండవ పేరే ఆ వంట పేరని గుర్తించి నవ్వుకొన్నాను. చాచీ మళ్ళలో కలుపు తీయునప్పుడు బథుఆను సగం తీసి సగం వదలుతుంది. విత్తిన వాటికి నీరు, ఎరువు, కాపలా, దీనికేమీ లేదు. “ఇది అడగదు, నేను వెళ్ళగొట్టను” అంటుంది.

వడియాల పని ఎండ గట్టిపడ్డ రోజున. బాగా ముదిరిన బూడిదగుమ్మడిని కోరి, నీరు పిండి, రుబ్బిన మినపపిండితో కలిపి, ఇంగువ, మిరియం వేసి పాతబట్టమీద పెట్టుతారు. అక్కడ దానిని ‘కోంహడౌరీ’ అంటారు. ఉలికిపడినాను మొదటిసారి చూచినప్పుడు. ఇది మా అమ్మ పెట్టిన గుమ్మడివడియమే! సుమారు మూడువందల కోసుల దూరం, రెండు భాషాకుటుంబాలు, మధ్యన వింధ్యపర్వతం. అయినను ఆ పిండిని అరచేతితో గిలకొట్టే తీరు, తగినంత గిలకొట్టినదో లేదో ఒక చుక్క నీటిలో వేసి తేలుతున్నదా అని చూచే తీరు, అన్నీ అవే. తేడా ఒకటే. మా అమ్మ వేసవి ఎండలో పెట్టేది. చాచీకి ఆ బలమైన ఎండతో పనిలేదు, పొడిగాలి చాలును. ఆ యింట మొదటి వడియానికి కుంకుమబొట్టు పెట్టిన తరువాతనే రెండవది పెట్టుతారు.

ఇంత కష్టపడి పండించినది తినునది ఎవరు? ఇక్కడనే గృహస్థుధర్మం మన ఊహకు కొంచెం ఎదురు నడుస్తుంది. సంక్రాంతికి మనం కూతురిని, అల్లుని పిలుస్తాము. వారు పిలువరు, పంపుతారు. జనవరి 14న గాని 15న గాని వచ్చే మకర సంక్రాంతిని ఆ ప్రాంతంలో ‘ఖిచ్‌డీ’ అనే అంటారు. పెండ్లి అయిన కూతురి యింటికి కొత్తబియ్యం, మినపప్పు, నువ్వుల ఉండలు, మరమరాల ఉండలు, పెరటి కూరలు బుట్టలో పెట్టి పుట్టింటివారు పంపుతారు. దానిని ఖిచ్‌డీ పంపుట అంటారు. చాచీకి కూతుళ్ళు లేరు. మేము దిగిన తొలి సంక్రాంతికి ముందురోజు ఉదయం మేడమెట్ల మీద ఒక బుట్ట ఉన్నది. అందులో గోబీ, బఠాణీలు, ముల్లంగి, సోయికూర కట్ట, వడియాలు, నాలుగు జామపండ్లు. మా పుట్టింటినుండి ఆ పండుగకు ఉత్తరం మాత్రమే వచ్చేది. ఆ తరువాత ఒక్క ఏడు కూడ ఆ బుట్ట తప్పలేదు. చాచాజీ పోయిన ఏడు ఆ యింట పండుగ లేదు. అప్పుడు కూడ కూరలు మాత్రం వచ్చినవి, నువ్వులుండలు రాలేదు.

ఈ పెరడు అమ్మకానికి వచ్చినది 2022 డిసెంబరులో. పెద్దకొడుకు లఖ్‌నవూలో ఉపాధ్యాయుడు. ఆ రాత్రి నాచేత తెలుగు అంకెలు చెప్పించుకొన్న చిన్నవాడు నోయిడాలో ఉద్యోగి. ఇద్దరూ బడా దిన్ సెలవులకు సంసారాలతో వచ్చినారు. చిన్నవాడు ఇల్లు కొనుటకు చేసిన అప్పు పెద్దది. వాయిదాలు కట్టుట వానికి ప్రాణాంతకంగా ఉన్నదని వాని ముఖమే చెప్పుచున్నది. ఒకటిన్నర బిస్వా నేల, నగరం నడుమ, ఏడాదికి నాలుగు నెలలు ఆకుకూర పండించుటకు తప్ప మరెందుకూ ఉపయోగపడకుండా ఉన్నది. కొనువాడు సిద్ధంగా ఉన్నాడు. వానిని దురాశాపరుడని నేను అనను. ఆ లెక్క వేయనివారు నేటి నగరాలలో ఎవరున్నారు? ఇల్లు చాచీ పేర ఉన్నది. ఆమె సంతకం కావలెను. ఆమె కాదనలేదు. కొడుకు అప్పులో ఉంటే తల్లి మెంతిమడి చూచుకొని కూర్చుంటుందా అన్నది. కాని కాగితం మాత్రం తనకు చదివి చెప్పవలెనని పట్టుబట్టినది. చదువుటకు నన్ను పిలిపించినది.

అది కచేరీ హిందీ. బైనామా, రకబా, చౌహద్దీ. ఎం.ఏ. చదివిన హిందీకి ఈ హిందీ దూరపు చుట్టం. నేను ఒక్కొక్క మాటనే హిందీ నుండి హిందీలోనికి అనువదిస్తూ పోయినాను. బైనామా అంటే విక్రయపత్రం, రకబా అంటే విస్తీర్ణం, చౌహద్దీ అంటే నాలుగు హద్దులు: తూర్పున ఫలానావారి గోడ, ఉత్తరాన సందు, ఇత్యాది. చాచీ మంచంమీద ఎండవైపు వీపు పెట్టి బఠాణీలు ఒలుస్తూ వింటున్నది. కోడళ్ళిద్దరూ ఆమెకు చెరియొక వైపున. ‘ఇంటి వెనుకనున్న ఖాలీ జమీన్’ అన్న చోటికి వచ్చేసరికి ఆమె చేయి ఆగినది.

“ఏమి జమీన్?”

“ఖాలీ అని వ్రాసినారు, చాచీ.”

“ఏది ఖాలీ?”

చిన్నకొడుకు నెమ్మదిగానే చెప్పినాడు: “అమ్మా, అది కాగితాల భాష. కట్టడం లేకపోతే ఖాలీ అంటారు. దానివల్ల మనకు ఒక్క రూపాయి నష్టం లేదు.”

“అయితే కట్టడం లేదని వ్రాయమను. ఖాలీ అని వ్రాసినదాని క్రింద నేను సంతకం పెడితే, పెండ్లి అయి ఈ యింటికి వచ్చిన నాటినుండి ఇక్కడ నేనేమి చేసినట్లు?”

ఎవరూ మాట్లాడలేదు. అప్పుడామె నావైపు తిరిగి, “మీ దేశంలో ఏమని వ్రాస్తారు, బిటియా?” అన్నది. ఆ మాట అరబ్బీనుండి వారికి, మనకూ వచ్చినది. మన దస్తావేజులలోను అదే స్థలం, అదే మాట, ఒక్క లకారం మాత్రం ళకారమైనది. “మావైపు కూడ ఖాళీ స్థలమనే అంటారు, చాచీ” అన్నాను. ఇన్నేండ్ల అనువాదంలో నాకు ఇంత సులువుగా దొరికిన సమానపదం లేదు, ఇంత అయిష్టంగా చెప్పినదీ లేదు. “అక్కడా అంతేనా” అని ఆమె మళ్ళీ బఠాణీలు ఒలవసాగినది.

ఆ కాగితం ఆ సెలవులలో సంతకం కాలేదు. పెద్దవాడు తమ్మునితో రాత్రి కౌడా దగ్గర చాలసేపు మాట్లాడినాడు. సగం అమ్మి, మిగిలిన అప్పుకు తాను కొంత సర్దుతానన్నాడు. దస్తావేజు వ్రాయువాడు ‘సాగులో ఉన్న’ అనే మాటకు ఒప్పుకొనలేదు. దానితో భూమి వినియోగాన్ని గురించి లేనిపోని ప్రశ్నలు వస్తవన్నాడు. కడకు ‘ఇంటి వెనుక పెరడు, ఒక జామచెట్టు సహితం’ అని వ్రాసినారు. చాచీ దానిని నాచేత రెండుమారులు చదివించుకొని, గింజ కట్టిన ధనియాలు, పాలకూర, సోయా కోయనిచ్చి, హోళీ వెళ్ళిన పిమ్మట 2023 ఏప్రిల్‌లో సంతకం చేసినది. జామచెట్టు అవతలి సగంలోనికి పోయినది. గోడ లేచినది.

నేల సగమైనప్పుడు ఏమి మానుకొనవలెను, ఏమి నిలుపుకొనవలెను అన్న ప్రశ్నకు వ్యవసాయ గ్రంథాలు చెప్పే సమాధానం లాభసాటి పంట. చాచీ వేరుగా ఆలోచించినది. గోబీ మానివేసినది, బజారులో దండిగా దొరుకుతుంది. ముల్లంగి, క్యారెట్టు మానివేసినది. బఠాణీ రెండు సాళ్ళు ఉంచినది, మనుమలు పచ్చివి ఒలుచుకొని తింటారు గనుక. శనగ ఉంచినది, గిల్లిన చిగుళ్ళు బజారుకు వచ్చేసరికి వడలిపోతవి గనుక. సోయా, వెల్లుల్లి, ధనియాలు ఉంచినది. చిక్కుడుకు కొత్తగోడ ప్రక్కన మళ్ళీ పందిరి వేయించినది. “ఖిచ్‌డీ బుట్టలో కొన్నవి పెట్టకూడదు” అని మాత్రం నాతో చెప్పినది. తక్కిన లెక్క నేను ఊహించుకొన్నాను.

గోడ అవతల కొన్నవారు వెంటనే ఇల్లు కట్టలేదు. 2023 శీతకాలమంతా అక్కడ ఇసుకకుప్ప, ఇటుకల దొంతర ఉన్నవి. జామచెట్టును ఉంచినారు. బడా దిన్ సెలవులలో ఒక ఉదయం కోహరా విడిపోయిన తరువాత చాచీ నిచ్చెన మూడు మెట్లు ఎక్కి గోడ మీదుగా చూచినది. ఎవరూ దున్నని, ఎవరూ తడి పెట్టని ఆ నేలలో, పాతమళ్ళ గుర్తులు కూడ చెరిగిపోయిన చోట, బథుఆ మోకాలెత్తు లేచి ఉన్నది. ఇటుకలు దింపుచున్న కుర్రవానిని పిలిచి, ఆ మూలన కొంచెం చూచి నడువుమని చెప్పినది. వాడు నవ్వి, ఒక పెద్ద కట్ట కోసి గోడమీదుగా అందించినాడు. ఆమె వానికి రెండు వడియాలు వేయించి యిచ్చినది. మధ్యాహ్నం మేము ఆ ఆకు ఏరినాము. వంటకు మినపప్పు చాలదని పెద్దకోడలు అంగడికి పోయినది.